భోజనం అయ్యేదాకా

డాక్టర్ జీవరత్నానికి కోపం కొత్త కాదు. డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఆయన ఇంటి గడప తొక్కిన ప్రతి తెలుగువాడికీ ఆ సంగతి తెలుసు. ఫోనెత్తని జీపీ క్లినిక్ రిసెప్షన్ మీద కోపం, కారుకు అడ్డంగా కారు పెట్టినవాడి మీద కోపం, అన్నం కాస్త పలుకైతే కోపం. అవన్నీ చిల్లర కోపాలు. టీ చల్లారేలోపు చల్లారిపోయేవి, ఆ తర్వాత ఆయనే ఇంకో కప్పు టీ పెట్టి ఇచ్చేవాడు. ఈ శనివారం నాటి కోపం మాత్రం ఆ జాతిది కాదు. దానికి రెండు వారాల వయసుంది, రోజూ కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది.

ఆయనకు ఒక్కతే కూతురు, పేరు ఫెబి. ఇరవై ఎనిమిదేళ్ళది, ఫిజియోథెరపిస్టు. అభినవ్ అనే కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటానంటోంది. కుర్రాడి మీద జీవరత్నానికి పెద్ద ఫిర్యాదేమీ లేదు, కాస్త మెత్తన అనేది తప్ప. గొడవంతా వాడి తల్లిదండ్రులతోనే. వాళ్ళు డబ్లిన్‌కి కాస్త దూరంలో నేస్ అనే ఊళ్ళో ఉంటారు. తండ్రి ఆంజనేయప్రసాద్ ఐటీ కంపెనీలో మేనేజరు, తల్లి మంగాదేవి. పిల్ల ఇంటిపేరు, తండ్రి పేరు తెలిసిన రోజు నుంచి రెండేళ్ళపాటు కలవడానికి వాళ్ళకు తీరిక దొరకలేదు. ఇన్నాళ్ళకు దొరికింది. జీవరత్నం భార్య సువార్త మంచి మనసుతో, "మన ఇంటికే భోజనానికి రమ్మను, మేడం గారు మాంసం తినరంట కదా, గుత్తొంకాయ చేస్తాను" అంది. రెండు రోజులకు జవాబొచ్చింది. ఇంట్లో ఎందుకు శ్రమ, బయట ఎక్కడైనా న్యూట్రల్‌గా కలుద్దాం అని.

న్యూట్రల్ అట! ఇదేమన్నా ఫుట్‌బాల్ మ్యాచా? ఐర్లండుకు పద్దెనిమిదేళ్ళ కిందట వచ్చినా, ఎవరి ఇంట్లో మంచినీళ్ళు తాగాలో ఎవరి ఇంట్లో తాగకూడదో ఆ లెక్క మాత్రం వాళ్ళు సూట్‌కేసులో పెట్టుకునే వచ్చారన్నమాట. జీవరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. సువార్త అరవలేదు. గుత్తొంకాయ కోసం తెచ్చిన లేత వంకాయలను పులుసులో పడేసి, "మన ఇంట్లో తినలేనోళ్ళతో నేను హోటల్లో తినను. నువ్వు పో. నేను డ్యూటీ మార్పించుకోను" అని హాస్పిటల్‌కి వెళ్ళిపోయింది.

అందుకే ఆ మధ్యాహ్నం నేస్ వైపు పోతున్న కారులో తండ్రీ కూతురూ ఇద్దరే ఉన్నారు. సన్నగా జల్లు పడుతోంది. ఫెబికి తెలుగు చెబితే అంతా అర్థమవుతుంది కానీ, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే, అదీ అచ్చమైన డబ్లిన్ యాసలో. ఆ ఇంగ్లీషును మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"డాడ్, ఒక్క లంచ్. నాకోసం. నీ కోపం బయటికి రాకూడదు."

"నాకు కోపం ఎక్కడుంది? నవ్వుతూనే ఉన్నాగా."

"నువ్వు స్టీరింగ్‌ని పిసికేస్తున్నావు. ప్రామిస్ చెయ్యి. భోజనం అయ్యేదాకా ఏమీ అనకూడదు."

జీవరత్నం కాసేపు వైపర్ల వంక చూశాడు. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి ఏదీ గట్టిగా అడిగింది కాదు. వాళ్ళు ఒప్పుకోకపోయినా ఫెబి, అభినవ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టుకోగలరు, ఆ నోటీసు కూడా ఇచ్చేశారు. కానీ ఆ గదిలో రెండు వైపులా మనుషులుండాలని ఫెబి కోరిక. అదొక్కటే ఆమె అడుగుతున్నది.

"సరే. భోజనం అయ్యేదాకా," అన్నాడు. "అయ్యాక ఒక్క నిమిషానికి కూడా హామీ ఇవ్వను."

హోటలు మెయిన్ స్ట్రీట్ వెనక సందులో ఉంది. హోటలంటే పెద్దదేం కాదు, ఐదు బల్లలు, గుమ్మానికి సగం దాకా వేలాడే నీలం గుడ్డ తెర. జపాన్ నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన ఐరిష్ భార్య నడుపుతారు. అక్కడ దొరికేది ఒకటే, సోబా. బక్‌వీట్ పిండిని పొద్దున్నే పిసికి, వత్తి, కత్తితో సన్నగా కోసి చేసే నూడుల్స్. మామూలుగా వాటి పులుసులో ఎండుచేప పడుతుంది. మంగాదేవి కోసం ఫెబి ముందే ఫోన్ చేసి చెప్పిందట, పుట్టగొడుగులతో వేరే పులుసు కాచిపెట్టారు. ఇంత శ్రద్ధ తన కూతురు పడుతుంటే జీవరత్నానికి ఇంకా మండింది.

వాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. అభినవ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. మంగాదేవి చేతులు జోడించింది. ఆంజనేయప్రసాద్ కూర్చునే నమస్కారం పెట్టాడు. మనిషి తెల్లగా, నిండుగా ఉంటాడు. తెలుగు సంఘంలో మైకు ముందు నిలబడీ నిలబడీ, నలుగురితో మాట్లాడుతున్నా నాలుగు వందల మందితో మాట్లాడుతున్నట్టే మాట్లాడతాడు.

"రండి రండి డాక్టర్ గారూ. మిమ్మల్ని కలవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నామండీ, కుదిరితేనా!"

రెండేళ్ళు కుదరలేదు. జీవరత్నం నవ్వాడు.

"ఏ ఊరండీ మనది?"

"బాపట్ల దగ్గరండీ."

"బాపట్లలోనా, దగ్గరా?"

"దగ్గర."

"ఊళ్ళోనేనా?"

ఈ ప్రశ్నలు జీవరత్నానికి మెడికల్ కాలేజీ హాస్టల్ నాటి నుంచి తెలుసు. ఊరు, ఆ తర్వాత ఊళ్ళో ఏ వైపు, ఆ తర్వాత ఇంటిపేరు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతారు. విచిత్రమేమిటంటే ఈయనకు జవాబులన్నీ ముందే తెలుసు. తెలిసీ అడుగుతున్నాడు, ఎదుటివాడి నోటితో చెప్పించుకోవాలని. "ఊరికి కాస్త ఎడంగా," అన్నాడు జీవరత్నం, మంచినీళ్ళ గ్లాసు ఎత్తి గుటగుటా తాగేశాడు.

"అయినా మాకు అలాంటి పట్టింపులు లేవండీ," అన్నాడు ఆంజనేయప్రసాద్ చెయ్యి ఊపుతూ. ఎలాంటి పట్టింపులో ఎవరూ అడగలేదు. "మనుషులంతా ఒకటే. మా ఇంట్లో పనివాళ్ళను కూడా మా నాన్నగారు సొంత మనుషుల్లా చూసేవారు."

బల్ల కింద ఫెబి చెయ్యి వచ్చి తండ్రి మోకాలి మీద పడింది. జీవరత్నం పళ్ళు బిగించి మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు చూసి అభినవ్ తల దించుకున్నాడు.

భోజనం వచ్చింది. వెదురు చట్రాల మీద చన్నీళ్ళలో కడిగి ఆరబెట్టిన సోబా, పక్కన చిన్న గిన్నెలో చిక్కటి నల్లటి పులుసు, తరిగిన ఉల్లికాడలు, ముక్కు అదరగొట్టే పచ్చటి వసాబీ ముద్ద. కొద్దికొద్దిగా తీసి పులుసులో ముంచి జుర్రుకోవాలని ముసలాయన చూపించాడు. చప్పుడు చెయ్యాలట, చెయ్యకపోతే రుచి తెలియదట. జీవరత్నం జుర్రాడు. నూడుల్స్ బూడిద రంగులో, గరుగ్గా, మట్టి వాసనతో చాలా బాగున్నాయి. ఇంత కోపంలో ఇంత బాగుండడం ఆయనకు నచ్చలేదు. ఆంజనేయప్రసాద్ మాత్రం ఫోర్కు తెప్పించుకుని, చట్రం మీదివన్నీ ఒకేసారి పులుసు గిన్నెలో కుక్కి, చప్పుడు కాకుండా నాగరికంగా తిన్నాడు.

ఇంతసేపట్లో ఆయన జీవరత్నాన్ని ఒక్కసారి కూడా 'బావగారూ' అనలేదు. పిల్లనిచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ కూర్చుంటే నాలుగో మాటకు ఆ పిలుపు దానంతటదే వస్తుంది. మంగాదేవి అయితే వీళ్ళు వచ్చీ రాగానే "వదినగారు రాలేదా అన్నయ్యగారూ?" అని అడిగింది. ఈయన నోట డాక్టర్ గారూ తప్ప ఇంకో మాట లేదు. జీవరత్నం పనిగట్టుకుని ఆ మాట కోసం వింటున్నాడు. విన్నకొద్దీ ఒళ్ళు మండుతోంది.

"సరే, అసలు సంగతికొద్దాం," అని ఆంజనేయప్రసాద్ ఫోన్ తీశాడు. "పెళ్ళికి మాకు అభ్యంతరం లేదండీ. మా బావమరిది విజయవాడలో కార్డు కూడా డిజైన్ చేయించాడు. శాంపిలే, చూడండి."

జీవరత్నం కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఫెబి పక్కనుంచి తొంగి చూసింది. అంటే ఒప్పుకున్నట్టే కదా అని ఆమె మొహం వెలిగిపోయింది. కార్డు మీద వినాయకుడు, అరటి చెట్లు, బంగారు అక్షరాలు. అబ్బాయి వైపు ముత్తాత దగ్గర నుంచి అందరూ ఉన్నారు. ఫలానా వారి ప్రపౌత్రుడు, ఫలానా వారి పౌత్రుడు. అమ్మాయి వైపు ఒకటే వరస: 'డా. జె. రత్నం దంపతుల ఏకైక పుత్రిక.'

"ఈ జె. రత్నం ఎవరండీ?" అన్నాడు జీవరత్నం.

"మీరేనండీ! జీవరత్నం అంటే కాస్త పాతకాలంగా ఉంటుందని మావాడు అలా వేయించాడు. స్టైల్‌గా ఉంది కదూ? మా వైపు పెద్దవాళ్ళు వస్తారు, అనవసరంగా ఈ పేరేమిటి, ఆ పేరేమిటి అని ఆరాలు దేనికండీ?"

"మా నాన్న పేరు లేదు."

"వేద్దామనే అనుకున్నాం. యోనా గారు కదూ? అబ్బాయి చెప్పాడు. కానీ మా వాళ్ళకు నోరు తిరగదండీ ఆ పేరు."

ఆంజనేయప్రసాద్ అనే ఏడక్షరాల పేరును పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్న వంశానికి రెండక్షరాల యోనా నోరు తిరగదట! జీవరత్నం చట్రం వైపు చూసుకున్నాడు. ఇంకా రెండు ముద్దల సోబా ఉంది. భోజనం అవలేదు. మాటంటే మాటే.

ఫెబి ముందుకు వంగింది. ఆమె మొహంలో వెలుగు కాస్త తగ్గింది కానీ గొంతు మర్యాదగానే ఉంది. "అంకుల్, తాతయ్య పేరు ఉంటేనే నాకిష్టం. నేను చూడలేదు ఆయన్ని, ఫొటో ఒకటే ఉంది మా దగ్గర. ఆయన రైతు. బాపట్లలో మాకు పొలం ఉండేది."

ఆంజనేయప్రసాద్ కనుబొమలు పైకి లేచాయి. చూపు మెల్లగా జీవరత్నం మీదికి వచ్చింది. పెదాల చివర సన్నటి నవ్వు. "అలాగా! ఎన్నెకరాలండీ?"

జీవరత్నం తన చట్రం దగ్గరికి లాక్కున్నాడు. "తినండి, చల్లారిపోతాయి," అన్నాడు.

అవి పుట్టడమే చల్లగా పుట్టిన నూడుల్స్. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న ఐదుగురికీ తెలుసు. జీవరత్నం గబగబా తన వంతు జుర్రేసి చట్రం ఖాళీ చేశాడు. చెవులు వేడెక్కిపోయాయి. అవతలివాడి మీద కోపం సరే, ఈ వేడి వేరే. దాని వైపు ఆయన చూడదలచుకోలేదు.

చట్రాలు ఖాళీ అయ్యాయి. ఫెబి ఊపిరి పీల్చుకుంది. జీవరత్నం నాప్‌కిన్ మడిచి బల్ల మీద పెట్టి, కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. కడుపులో రెండు వారాలుగా దాచుకున్నదంతా నాలుక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడు ముసలాయన ఎర్రటి చెక్క పాత్ర ఒకటి రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

"ఇంకా అయిపోలేదు," అన్నాడు ఆయన ఇంగ్లీషులో, నవ్వుతూ. "ఇది సోబా ఉడికించిన నీళ్ళు. సోబాలో ఉన్న సారమంతా ఇందులోకే దిగుతుంది. మీ గిన్నెలో మిగిలిన పులుసులో కలుపుకుని తాగాలి. ఇది తాగితేనే భోజనం పూర్తయినట్టు."

ఆయన నడుం వంచి జీవరత్నం గిన్నెలో మొదట పోశాడు. ఆవిరి లేచింది. తెల్లగా, చిక్కగా, కాస్త జిగటగా ఉన్న నీళ్ళు. వయసులో పెద్దవాడు, వంగి, గిన్నెకు ఇంకో చెయ్యి ఆనించి పోస్తున్నాడు. జీవరత్నం కూర్చుని ఉన్నాడు. ఆ వాసన తగలగానే ఆయనకు ఒళ్ళు జలదరించింది.

"ఓరి వీడి దుంపతెగ!" అని ఆంజనేయప్రసాద్ తెలుగులో పగలబడి నవ్వాడు. "గంజి! మంగా, చూశావా, మనకు గంజి పోస్తున్నాడు! అచ్చం ఇదే. మా నాన్నమ్మ దొడ్డి గుమ్మంలో నిలబడి పాలేర్లకు పోసేది. పాపం, మహాతల్లి చెయ్యి. పైనుంచి ధారగా పోస్తుంటే వాళ్ళు దోసిళ్ళు పట్టి, ఎంత ఆనందంగా తాగేవాళ్ళనుకున్నారు! ఆ రోజులే వేరు."

"ఏవండీ," అంది మంగాదేవి గొంతు తగ్గించి.

"నిజమే కదే. ఉప్పు కల్లొకటి చేతిలో వేస్తే ఇంక పండగే వాళ్ళకి."

ముసలాయనకు తెలుగు రాదు. ఆయన ఆ నవ్వుకు నవ్వి, మిగతా గిన్నెల్లో కూడా పోసి, పాత్ర బల్ల మధ్య పెట్టి వెళ్ళిపోయాడు. అభినవ్ తన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఫెబి తండ్రి వైపు తిరిగింది.

"పాలేరు అంటే ఏంటి డాడ్? పాలు పోసేవాడా?"

ఆంజనేయప్రసాద్ ఇంకా గట్టిగా నవ్వాడు. "పాలు పోసేవాడు! బాగుందమ్మా, చాలా బాగుంది!"

ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ మాట తెలియదు. కోపమనే మాట తెలుసు, చలి, జలుబు, పరీక్ష, ప్రార్థన, గుత్తొంకాయ అన్నీ తెలుసు. పాలేరు తెలియదు. ఎందుకంటే ఆ మాట వాళ్ళ ఇంట్లో ఎవరూ ఎన్నడూ పలకలేదు. జీవరత్నం పలకనివ్వలేదు.

ఆయన గిన్నెను రెండు చేతులతో ఎత్తాడు. ఊదుకోలేదు. నాలుక కాలుతున్నా ఆపకుండా, గుక్క తిప్పుకోకుండా అడుగు దాకా తాగాడు. ఖాళీ గిన్నెను బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఐరిష్ ఆడవాళ్ళు తిరిగి చూశారు.

"ఫెబీ, భోజనం అయింది," అన్నాడు.

ఫెబి వద్దనలేదు. మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది.

"పాలేరంటే పాలవాడు కాదమ్మా. ఒక ఆసామి పొలంలో ఏడాది పొడుగునా గొడ్డులా పనిచేసేవాడు. గొడ్డు కొట్టంలోకి పోవచ్చు కానీ వాడు ఇంట్లోకి పోకూడదు. మధ్యాన్నం దొడ్డి గుమ్మం కాడ ఒంగుని దోసిలి పడితే, చెయ్యి తగలకుండా ఎత్తు నుంచి గంజి పోస్తారు. అంకుల్ గారి నాన్నమ్మ పోసినట్టు. మీ తాత యోనా పాలేరు. పొలం లేదు, గట్టు లేదు. సెంటు భూమి లేదు మనకి." ఆయన గొంతు లేస్తోంది. యాభై నాలుగేళ్ళ మనిషి నోట చదువుతో వచ్చిన తెలుగంతా పోయి, బాపట్ల పల్లె తెలుగు మిగిలింది. ఆంజనేయప్రసాద్ వైపు తిరిగాడు. "ఏమన్నారండీ? ఆనందంగా తాగేవాళ్ళా? మీరు చూశారా వాళ్ళ మొకాలు?"

"అబ్బే, నేను జనరల్‌గా..."

"చూసుండరు. ఒంగి దోసిట్లో తాగేవోడి మొకం గుమ్మంలో నిలబడినోళ్ళకి కనపడదండీ. నడినెత్తి కనపడుద్ది. నేను చూశాను మొకం. కంచె ఇవతల నిలబడి కింద నుంచి చూశాను, ఏడేళ్ళోణ్ణి. గంజి మోచేతుల మీంచి కారిపోతుంటే మా నాన్న మొకం ఎట్టా ఉందో నాకు తెలుసు. ఆనందమంట, ఆనందం! సగం తాగి, మిగతాది సత్తు చెంబులో పట్టించుకుని నాకు తెచ్చేవోడు. అది తాగి చదివాను నేను. నోరు తిరగదా మీకు? తిప్పుకోండి. రెండక్షరాలు. యో, నా."

వంటగది గుమ్మంలో ముసలాయన కంగారుగా నిలబడ్డాడు. నీళ్ళు బాగాలేవా అని ఆయన భార్య మెల్లగా వచ్చి అడిగింది. "చాలా బాగున్నాయమ్మా, మీ తప్పేమీ లేదు," అని జీవరత్నం ఆమెకు ఇంగ్లీషులో ఎంతో నెమ్మదిగా చెప్పాడు. చెప్పి లేచి నిలబడ్డాడు.

ఆంజనేయప్రసాద్ మొహం కందిపోయింది. చుట్టూ చూసి, చెయ్యి పట్టుకోబోయాడు. "బావగారూ, కూర్చోండి బావగారూ. నలుగురూ చూస్తున్నారు."

"ఇప్పుడు గుర్తొచ్చిందా బావగార్నని?" అన్నాడు జీవరత్నం. "నలుగురూ చూస్తే గానీ రాదా ఆ మాట?"

మంగాదేవి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈయనకి మాట తీరు తెలీదు అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి," అంది. ఆమె మీద జీవరత్నానికి కోపం రాలేదు. కానీ ఆమె కూడా తప్పు మాట తీరులోనే ఉందనుకుంటోంది.

ఫెబి ఇంకా లేవలేదు. ఆమె అభినవ్ వైపే చూస్తోంది.

"కార్డు సంగతి నీకు ముందే తెలుసా?"

అభినవ్ గిన్నె అంచు మీద వేలు తిప్పాడు. "తెలుసు, ఫెబ్. ఒక్క కార్డే కదా. డాడీ ఒప్పుకోవడమే కష్టం. ఇదైతే ఈజీ అనిపించింది."

"ఎవరికి ఈజీ?"

ఫెబి తన గిన్నె ఎత్తి, అందులోని సోబా నీళ్ళు చివరి చుక్క దాకా తాగింది. కోటు తీసుకుంది. "ఆ కార్డు నువ్వే కూర్చుని మార్చి నాకు పంపు. మా నాన్న పేరు పూర్తిగా ఉండాలి. యోనా ఉండాలి. ఉంటే నోటీసులో ఉన్న రోజుకు వస్తాను, లేకపోతే రిజిస్ట్రార్‌కి ఫోన్ చేసి రాననే చెప్తాను," అంది. ముసలాయన దగ్గరికి వెళ్ళి థాంక్స్ చెప్పింది, చాలా రుచిగా ఉందని చెప్పింది. అప్పుడు బయటికి నడిచింది.

జల్లు కాస్తా వానయింది. కారు నేస్ దాటి పెద్ద రోడ్డెక్కింది. జీవరత్నానికి ఛాతీ తేలికగా ఉంది. యాభై ఏళ్ళ నాటి బాకీ ఒక్క దెబ్బతో తీర్చేసినట్టుంది. ఆ తెల్లటి నిండు మొహం కందిపోవడం మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాడు. సాయంత్రం సువార్తకు ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడో వరసగా చెప్పాలి.

"చూశావా, ఎట్టా నోరు పడిపోయిందో పెద్దమనిషికి," అన్నాడు కూతురితో. "నాన్నమ్మంట, మహాతల్లి చెయ్యంట! ఇంకో రెండు అనాల్సింది."

ఫెబి కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఏడుస్తోందేమోననుకున్నాడు. ఏడవడం లేదు. దవడ బిగుసుకుని ఉంది. అచ్చం ఆయన దవడే.

"నేను ఫిఫ్త్ క్లాసులో ఉన్నప్పుడు," అంది ఇంగ్లీషులోనే, "తాతయ్య మీద ప్రాజెక్ట్ రాశాను. మై గ్రాండ్‌ఫాదర్ ది ఫార్మర్. నువ్వే పొలం బొమ్మ గీసిచ్చావు. ఎద్దులు కూడా గీశావు. ఆ ఎద్దులు ఎవరివి?"

జీవరత్నం వైపర్ల వేగం పెంచాడు.

"ఈరోజు నేను వాళ్ళ ముందు పొలం అన్నాను. అంకుల్ నవ్వాడు. నువ్వు నూడుల్స్ చల్లారిపోతాయన్నావు. వాళ్ళందరికీ తెలుసు. ఆ బల్ల దగ్గర మా తాతయ్య ఎవరో తెలియనిది నాకొక్కదానికే."

"అది కాదమ్మా, నువ్వు తలెత్తుకుని పెరగాలని..."

అప్పుడు ఆమె ఆయన వైపు తిరిగింది. ఏనాడూ ఒక పూర్తి వాక్యం తెలుగులో మాట్లాడని పిల్ల, మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, డబ్లిన్ యాసలో, కోపంగా తెలుగులో అంది.

"కార్డు మీంచి తాతయ్యని ఫస్ట్ తీసేసింది నువ్వు, డాడీ. అంకుల్ సెకండ్."

జీవరత్నం కోపం తెచ్చుకోవాలని చూశాడు. జీవితంలో ఎప్పుడు పిలిచినా పలికిన కోపం అది. ఈసారి ఎంత వెతికినా ఎవరి మీదికి విసరాలో తెలియలేదు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. రెడ్ కౌ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది, వాళ్ళ కారూ ఆగింది.

"చెప్పు," అంది ఫెబి. గొంతులో ఇంకా కోపం అలాగే ఉంది. "ఎద్దులు లేకుండా చెప్పు."

ఆయన స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ తాతకి గంజంటే అసహ్యం," అని మొదలుపెట్టాడు.